ఘాట్ రోడ్డు మలుపుల్లో హ్యాండోవర్: నెట్‌వర్క్ ఆప్టిమైజేషన్‌లో చేరిన అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతి, తిరుమల క్లస్టర్, అంటే ఆ ప్రాంతపు సెల్ టవర్ల గుంపు, నీ చేతికి వచ్చిందనీ, కాల్ మధ్యలో ఫోన్‌ను ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు అప్పగించే హ్యాండోవర్ సక్సెస్ రేటు ప్రతి వారమూ 99 శాతం పైనే ఉంటున్నా ఘాట్ రోడ్డు మీద కాల్ తెగిపోతోందన్న ఫిర్యాదులు తగ్గడం లేదనీ, టైమ్ టు ట్రిగ్గర్‌ను (పక్క సెల్ మెరుగయ్యాక నివేదిక పంపే ముందు ఫోన్ ఆగే సమయాన్ని) క్లస్టర్ మొత్తానికీ తగ్గించి చూడమని పైవాళ్ళు అంటున్నారనీ రాశావు. అలా తగ్గించవద్దని ముందే చెబుతున్నాను. కారణాలు చెప్పాలంటే ఉత్తరం పొడవవుతుంది, ఓపికగా చదువు.

మొదట ఆ 99 శాతం సంగతి చూద్దాం. అది తప్పుడు లెక్క కాదు, కానీ నీ ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ నిష్పత్తిలో హారం ఏమిటో గమనించు: మొదలైన హ్యాండోవర్లు మాత్రమే. ఫోన్ కొలతల నివేదిక పంపి, అది బేస్ స్టేషన్‌కు అంది, బేస్ స్టేషన్ పక్క సెల్‌తో మాట్లాడుకొన్నాకే ఆ హ్యాండోవర్ లెక్కలోకి వస్తుంది. మలుపు తిరిగిన బస్సులోని ఫోన్ పంపిన నివేదిక బేస్ స్టేషన్‌కు చేరకముందే సిగ్నల్ పడిపోతే, ఆ హ్యాండోవర్ మొదలైనట్టే నమోదు కాదు. మొదలు కానిది విఫలమైనట్టు ఎలా నమోదవుతుంది? అది రేడియో లింక్ ఫెయిల్యూర్ (ఆర్‌ఎల్‌ఎఫ్) పద్దులోనో, కాల్ డ్రాప్ పద్దులోనో వేరుగా పడుతుంది. కాబట్టి నిర్ణయాలు ఆలస్యమైన చోట సక్సెస్ రేటు మరింత అందంగా కూడా కనిపించవచ్చు, ఎందుకంటే కష్టమైన హ్యాండోవర్లన్నీ లెక్కకు ఎక్కకముందే రాలిపోతాయి. సగటు చాలదన్న సంగతి నియంత్రణ సంస్థకూ తెలుసు. 2017లో ట్రాయ్ కాల్ డ్రాప్ ప్రమాణాన్ని మార్చినప్పుడు సర్కిల్ (దాదాపు ఒక రాష్ట్రమంత టెలికాం ప్రాంతం) మొత్తం సగటును పక్కన పెట్టి, 90 శాతం రోజుల్లో 90 శాతం సెల్స్‌లో డ్రాప్ రేటు 2 శాతం దాటకూడదన్న తరహా లెక్క పెట్టింది. ఆ లెక్కలోనూ ఘాట్ రోడ్డు సెల్స్ అన్నీ మిగిలిన పది శాతంలో హాయిగా ఇమిడిపోగలవన్నది వేరే విషయం.

అందువల్ల నీవు తీయవలసిన నివేదిక వేరు. ఫోన్‌కు లింక్ తెగిన తరువాత అది ఏ సెల్‌లో తిరిగి కనెక్షన్ నిలబెట్టుకొందో చూడు. ఎల్‌టీఈ (4జీ) రిలీజ్ 9 నుంచి ప్రమాణాల్లోనే మూడు తరగతులు ఉన్నాయి. హ్యాండోవర్ జరగకుండానే లింక్ తెగి, ఫోన్ మరో సెల్‌లో లేస్తే నిర్ణయం ఆలస్యమైంది. హ్యాండోవర్ జరుగుతుండగానో, జరిగిన వెంటనేనో తెగి, ఫోన్ మళ్ళీ పాత సెల్‌లోనే లేస్తే తొందరపడ్డాం. పాతదీ కొత్తదీ కాక మూడో సెల్‌లో లేస్తే తప్పు సెల్‌కు పంపాం. ఫోన్ తరువాత అప్పజెప్పే ఆర్‌ఎల్‌ఎఫ్ రిపోర్టులో, తెగేముందు సర్వింగ్ సెల్ (ఫోన్‌ను అప్పటికి మోస్తున్న సెల్) బలం ఎంత ఉంది, పక్క సెల్స్ ఎంత ఉన్నాయి అన్న చివరి కొలతలు కూడా ఉంటాయి. వీటిని సెల్ వారీగా కాక జతల వారీగా, అంటే ఏ సెల్ నుంచి ఏ సెల్‌కు అన్న లెక్కన, దిశతో సహా పేర్చు. నా అంచనా నిజమైతే నీ ఫిర్యాదుల్లో అధిక భాగం ఆలస్యం తరగతిలోనే, వేళ్ళ మీద లెక్కపెట్టగల కొన్ని జతల దగ్గరే పోగుపడి కనిపిస్తాయి. ఆ కొన్ని జతల కోసం గోవిందరాజస్వామి గుడి వీధుల్లోని సెల్స్‌ను కదిలించడం ఎందుకు? ఊరి నడిమధ్యన మూడు నాలుగు సెల్స్ దాదాపు ఒకే బలంతో వినిపిస్తుంటాయి. అక్కడ టైమ్ టు ట్రిగ్గర్ తగ్గిస్తే నిలబడి మాట్లాడుకొనే మనిషి ఫోన్ కూడా రెండు సెల్స్ మధ్య పింగ్ పాంగ్ ఆడుతుంది. ఒక్కొక్క హ్యాండోవర్‌కూ కొన్ని పదుల మిల్లీసెకన్ల మాట పోతుంది, సిగ్నలింగ్ భారం పెరుగుతుంది, తెగే అవకాశం కూడా ఒకటి చేరుతుంది.

ఇక ఘాట్ రోడ్డు. అక్కడ వేగం ఎక్కువ కనుక హ్యాండోవర్ తప్పుతోందని మీ సమావేశంలో ఎవరో అన్నారని రాశావు. అది సరికాదు. దేవస్థానం నిబంధన ప్రకారం కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలి. 19 కిలోమీటర్ల మొదటి ఘాట్ రోడ్డును 40 నిమిషాల్లో దిగితే సగటు వేగం గంటకు 28 కిలోమీటర్లు, అంటే సెకనుకు 8 మీటర్ల లోపే. రేణిగుంట వైపు గంటకు 100 కిలోమీటర్లతో పోయే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది, అయినా అక్కడ నీకు ఇన్ని ఫిర్యాదులు లేవు. ఘాట్‌లో చిక్కు బండి వేగంతో కాదు, సిగ్నల్ పడే వేగంతో. మైదానంలో సర్వింగ్ సెల్ నెమ్మదిగా తగ్గుతూ, పక్క సెల్ నెమ్మదిగా పెరుగుతూ వస్తుంది. కొండ అంచు అడ్డం వచ్చిన చోట మాత్రం పది, పదిహేను మీటర్ల దూరంలోనే సర్వింగ్ సెల్ 15, 20 డీబీ (డెసిబెళ్ళు, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) పడిపోగలదు.

అంత తక్కువ సమయంలో ఫోన్ ఏం చేస్తుందో ఒకసారి కాగితం మీద వేసి చూడు. ఫోన్ తన కొలతను నేరుగా పోల్చదు. లేయర్ 3 ఫిల్టర్‌లో పాత విలువతో కలిపి సగటు వేశాకే పోలుస్తుంది. ఫిల్టర్ గుణకం 4 అయితే కొత్త కొలతకు సగం బరువు, 8 అయితే నాలుగో వంతు బరువు. కొలత 200 మిల్లీసెకన్లకు ఒకటి అనుకుందాం. సిగ్నల్ ఒక్కసారిగా 16 డీబీ పడితే, గుణకం 4 ఉన్న ఫోన్‌కు మొదటి కొలతలో 8, రెండో కొలతలో 12, మూడో కొలతలో 14 డీబీ పడినట్టు కనిపిస్తుంది. గుణకం 8 ఉంటే అదే పతనం 4, 7, 9 డీబీలుగా కనిపిస్తుంది. అంటే 600 మిల్లీసెకన్లు గడిచినా ఫోన్ ఇంకా సగానికి కాస్త పైనే నమ్మింది. దాని మీద ఏ3 షరతు, అంటే పక్క సెల్ సర్వింగ్ సెల్ కంటే నిర్ణీత డీబీ మెరుగు కావడం, నిండాలి, ఆ పైన టైమ్ టు ట్రిగ్గర్ 640 మిల్లీసెకన్లు ఆగాలి, ఆ పైన నివేదిక పోయి ఆదేశం రావాలి. అన్నీ కలిపితే సెకను దాటిపోతుంది. ఆ సెకనులో బస్సు ఎనిమిది పది మీటర్లు ముందుకు పోయి రాయి వెనుక ఉంటుంది. ఆదేశం వస్తుంది, వినడానికి ఫోన్‌కు సిగ్నల్ ఉండదు.

నీ దగ్గర ఉన్న ఘాట్ సెల్స్‌లో ఈ ఫిల్టర్ గుణకం ఎంతో ముందు చూడు. చాలామంది టైమ్ టు ట్రిగ్గర్ మీదే చెయ్యి వేస్తారు కానీ దీనిని తెరిచి చూడరు, ఎందుకంటే ఇది మెనూలో లోపలి పొరలో ఉంటుంది. ఘాట్ సెల్స్ వరకు గుణకాన్ని 4కు తెచ్చి, టైమ్ టు ట్రిగ్గర్‌ను 640 నుంచి 320కి గానీ 256కి గానీ తగ్గిస్తే ఆలస్యంలో సగానికి సగం పోతుంది. అంతకంటే కిందికి, 100 మిల్లీసెకన్ల లోపుకు పోవద్దు. చెట్ల మధ్య సిగ్నల్ ఆటుపోట్లు చాలా ఉంటాయి. సిగ్నల్ ఒక్క క్షణం పడి లేచిన ప్రతిసారీ నిర్ణయం తీసుకోవలసి వస్తుంది.

దాని తరువాత, నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైనది, జతకు జత వేరుగా పెట్టి, పోల్చేటప్పుడు పక్క సెల్ కొలతకు కలిపే సెల్ ఇండివిడ్యువల్ ఆఫ్‌సెట్, మనం సీఐఓ అనేది. నీ ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది, బయటి ఊళ్ళ ఇంజనీర్లకు అది తట్టదు. మొదటి ఘాట్ రోడ్డులో బళ్ళు దిగుతాయి, రెండో దానిలో ఎక్కుతాయి. అంటే దిగే దారిలోని ఒక జత దగ్గర బండ్లలోని ఫోన్లన్నీ పై సెల్ నుంచి కింది సెల్‌కే పోతాయి, ఎదురు రావు. మామూలు రోడ్డు మీద ఒక దిశలో హ్యాండోవర్‌ను సులభం చేస్తే ఎదురు దిశలో పింగ్ పాంగ్ పెరుగుతుందన్న భయం ఉంటుంది. ఇక్కడ ఆ భయం చాలావరకు లేదు. ఏ3 ఆఫ్‌సెట్ 3 డీబీ, హిస్టరిసిస్ (అటూ ఇటూ ఊగకుండా కలిపే అదనపు మార్జిన్) 1 డీబీ ఉన్నాయనుకో; పక్క సెల్ 4 డీబీ మెరుగైతేనే ఫోన్ గడియారం మొదలుపెడుతుంది. పై సెల్ నుంచి కింది సెల్‌కు సీఐఓ ప్లస్ 2 ఇస్తే 2 డీబీ మెరుగైతే చాలు. కింది సెల్ నుంచి పైదానికి మైనస్ 2 ఇస్తే వెనక్కు రావడానికి 6 డీబీ మెరుగు కావాలి. రెండు దిశల మొత్తం ముందూ 8 డీబీయే, ఇప్పుడూ 8 డీబీయే. హ్యాండోవర్ జరిగే గీతను మాత్రం మలుపు రాకముందుకు జరిపావు. ఈ మొత్తాన్ని తగ్గనివ్వకపోవడమే పింగ్ పాంగ్‌కు అడ్డు.

అయితే రెండు సంగతులు మరచిపోవద్దు. అలిపిరి మెట్ల దారి మోకాళ్ళ పర్వతం దగ్గర కొంత దూరం ఈ దిగే రోడ్డు వెంటే పోతుంది. బళ్ళు దిగుతున్న ఆ సెల్స్‌లోనే నడిచే భక్తులు పైకి ఎక్కుతుంటారు. వాళ్ళకు సిగ్నల్ నెమ్మదిగా మారుతుంది కనుక కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, కానీ వెనక్కు వచ్చే దిశలో మార్జిన్ 6 డీబీ దాటనివ్వకు. ఒకే ఫ్రీక్వెన్సీలో పక్క సెల్ 6 డీబీ ఎక్కువ ఉందంటే, అది పూర్తి లోడులో ఉన్నప్పుడు నీ సర్వింగ్ సెల్ కంటే నాలుగింతల బలంతో అడ్డుపడుతోందని అర్థం. ఇంకా పట్టుకొని కూర్చుంటే లింక్ తెగుతుంది. రెండోది, 2021 డిసెంబరులో రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడినప్పటిలాగా ఒక దారి మూసుకుపోతే, రాకపోకలు రెండు ఘాట్ రోడ్లనూ కలిపే లింకు రోడ్డు మీదుగా మారిపోతాయి. అలాంటి రోజుకు ఆ జతల సీఐఓలన్నీ సున్నాకు తెచ్చే స్క్రిప్టు ఒకటి ఇప్పుడే రాసి పెట్టుకో. ఆ రోజు రాయడానికి నీకు తీరిక ఉండదు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, నేను దానిని వెనక చెబుతున్నాను కానీ నీవు ముందు చెయ్యి. పారామీటర్లు ముట్టుకోకముందు యాంటెన్నాలు చూడు. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి కంటే దాదాపు 700 మీటర్లు పైన. ఊళ్ళో 30 మీటర్ల టవర్ మీద యాంటెన్నాకు 6 డిగ్రీల డౌన్ టిల్ట్ (కిందికి వంపు) ఇస్తే దాని ప్రధాన కిరణం 285 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అదే 6 డిగ్రీలు కొండ అంచున, ఊరి వైపు తిరిగి ఉన్న యాంటెన్నాకు ఇస్తే ఆ కిరణం దిగువన దాదాపు ఆరున్నర కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. అంటే కొండ మీద భక్తుల కోసం పెట్టిన సెల్ ఊళ్ళో ఏ వీధిలోనో, ఎవరి మేడ మీదనో వినిపిస్తుంది. శ్రీనివాస సేతు కట్టాక ఈ తలనొప్పి పెరిగి ఉండాలి; వంతెన ఎత్తు మీద పోయే ఫోన్‌కు కింద ఇళ్ళ అడ్డు తగ్గి, దూరపు సెల్స్ అన్నీ వినిపిస్తాయి. అలాంటి ఫోన్ కొండ అంచు సెల్‌కు పోతే, ఆ సెల్ నైబర్ జాబితాలో (హ్యాండోవర్ చేయగల పక్క సెల్స్ పట్టికలో) ఊరి సెల్స్ ఉండవు, తిరిగి రావడానికి దారి ఉండదు. తప్పు సెల్ తరగతిలో నీకు ఏవైనా కేసులు కనిపిస్తే మొదట ఇదే అనుమానించు. దానికి మందు నైబర్లు చేర్చుకుంటూ పోవడం కాదు, ఆ యాంటెన్నా ముఖాన్ని అంచు నుంచి లోపలికి తిప్పించడం. టవర్ ఎక్కే మనుషుల్ని పంపడానికి ఆఫీసులో సణుగుతారు. సణగనివ్వు.

పీసీఐలు, అంటే ఫోన్ సెల్‌ను గుర్తుపట్టే నంబర్లు, కూడా ఇదే కారణంగా జాగ్రత్తగా పంచాలి. ఎల్‌టీఈలో ఉన్నవి 504 మాత్రమే, కనుక తిరిగి వాడక తప్పదు, కానీ కొండ మీది సెల్ పీసీఐని కింద రేణిగుంట, చంద్రగిరి వైపుల దాకా ఎక్కడా వాడవద్దు. ఒకే పీసీఐ ఉన్న రెండు సెల్స్ ఒకే పొరుగున పడితే ఫోన్ నివేదిక నిజమే చెబుతుంది, బేస్ స్టేషన్ మాత్రం వేరే సెల్‌ను సిద్ధం చేసి పంపుతుంది. బ్రహ్మోత్సవాలకు తెచ్చే తాత్కాలిక సైట్లు దీనికి పెద్ద మూలం. గరుడ సేవ రాత్రి కోసం వాహనం మీద తెచ్చి నిలిపిన సెల్‌కు తొందరలో ఏదో ఒక పీసీఐ ఇస్తారు, ఆటోమేటిక్ నైబర్ ఫంక్షన్ దాన్ని చుట్టూ ఉన్న సెల్స్ జాబితాల్లో ఎక్కించేస్తుంది. ఉత్సవం అయ్యాక వాహనం వెళ్ళిపోతుంది, జాబితాలో పేరు ఉండిపోతుంది. ఉత్సవాలు ముగిసిన వారంలోపే ఆ నైబర్లను తీసేయించు. ఉత్సవాల తొమ్మిది రోజుల్లో నీవుగా ఏ పారామీటర్నూ మార్చవద్దు. ఆ రోజుల్లో లోడ్ బ్యాలెన్సింగ్ ఫంక్షన్ కిక్కిరిసిన సెల్ నుంచి ఫోన్లను పక్కకు తోయడానికి తానే సీఐఓలు మారుస్తుంది. హ్యాండోవర్లను సరిదిద్దే ఫంక్షన్ వాటిని వెనక్కు లాగుతుంది. ఒకే ఎడ్లబండికి రెండు కాడులు ఎదురెదురుగా కట్టినట్టు ఉంటుంది వ్యవహారం. రెండింటికీ మార్చగల హద్దులు ముందే పెట్టి, ఘాట్ జతలను లోడ్ బ్యాలెన్సింగ్ నుంచి పూర్తిగా తప్పించు.

వేరే ఫ్రీక్వెన్సీకి పోయే హ్యాండోవర్ల గురించి కొద్దిగా. ఘాట్‌లో 2300 మెగాహెర్ట్జ్ లేయర్ మొదట చచ్చిపోతుంది, 850 లేదా 900 లేయర్ కాస్త ఎక్కువ దూరం నిలుస్తుంది. ఫోన్ రెండో ఫ్రీక్వెన్సీని కొలవాలంటే ఏ2 షరతు (సర్వింగ్ సెల్ ఒక హద్దు కిందికి పడిపోవడం) నిండాలి, తరువాత 40 లేదా 80 మిల్లీసెకన్లకు ఒకసారి 6 మిల్లీసెకన్ల విరామం తీసుకొని అటు వినాలి. జాబితాలో ఫ్రీక్వెన్సీలు ఎన్ని ఎక్కువైతే వెతుకులాట అంత సాగుతుంది. ఘాట్ సెల్స్‌లో ఏ2 హద్దును ఊరి సెల్స్ కంటే నాలుగైదు డీబీ పైకి జరిపి, వెతికే జాబితాలో కింది బ్యాండ్ ఒక్కటే ఉంచితే చాలు. 5జీ విషయంలో ఇప్పుడే ఎక్కువ చెప్పను. 3300 మెగాహెర్ట్జ్ కిరణం తొలి మలుపులోనే ఆగిపోతుంది, 4జీ మీద ఆధారపడే నాన్ స్టాండలోన్ పద్ధతిలో అసలు కాల్‌ను మోసేది ఎల్‌టీఈ యాంకరే కనుక పైన చెప్పినవన్నీ దానికీ చెల్లుతాయి. అయితే రిలీజ్ 16లో వచ్చిన కండిషనల్ హ్యాండోవర్ మీ పరికరాల్లో ఉందేమో వెండర్‌ను అడిగి పెట్టు. సిగ్నల్ బాగున్నప్పుడే పక్క సెల్స్‌ను సిద్ధం చేసి, షరతు నిండగానే ఫోన్ తానే దూకేలా ఆదేశం ముందే ఇచ్చి ఉంచడం దాని పద్ధతి. మలుపు తిరిగాక ఆదేశం కోసం ఎదురుచూడవలసిన పనే ఉండదు కనుక ఘాట్ రోడ్డుకు ఇంతకంటే తగినది నాకు కనబడలేదు. దానికి ఫోన్‌లోనూ మద్దతు ఉండాలి, సిద్ధం చేసిన ప్రతి సెల్‌లోనూ కొంత వనరు కట్టిపడేయాలి.

ఆఫీసులో ఎవరైనా టీ310ను (సిగ్నల్ పోయాక లింక్ తెగిందని తేల్చే ముందు ఫోన్ ఆగే సమయాన్ని) 2000 మిల్లీసెకన్లకు పెంచమంటే ఒప్పుకోవద్దు. కాల్ డ్రాప్ లెక్క తగ్గుతుంది, నిజమే. కానీ రెండు సెకన్లు ఏమీ వినబడని మనిషి తానే ఫోన్ పెట్టేస్తాడు; అది డ్రాప్ కింద రాదు, మామూలుగా ముగిసిన కాల్ కింద వస్తుంది.

కొలిచే పద్ధతి గురించి కూడా చెప్పాలి. కారు పైకప్పు మీద యాంటెన్నా బిగించి చేసిన డ్రైవ్ టెస్ట్ ఘాట్ రోడ్డుకు పనికిరాదు. కొండకు వచ్చేవాళ్ళలో చాలామంది ఆర్టీసీ బస్సులో వస్తారు. నీవూ బస్సే ఎక్కు, ఒక ఫోన్ కొండ వైపు కిటికీ దగ్గర, మరొకటి లోయ వైపు కిటికీ దగ్గర పెట్టించి, రెండింటిలోనూ వోల్టీ కాల్ ఆపకుండా నడిపించు. ఒకే మలుపులో ఆ రెండు ఫోన్లు రెండు రకాల నిర్ణయాలు తీసుకొన్నట్టు లాగ్‌లో కనిపిస్తుంది, చూసి ఆశ్చర్యపడవద్దు. తెగిన చోటుతో సరిపెట్టుకోకుండా, దాని నుంచి మూడు సెకన్లు వెనక్కు వెళ్ళి, పక్క సెల్ మెరుగైన క్షణమూ, నివేదిక బయలుదేరిన క్షణమూ, ఆదేశం అందిన క్షణమూ మూడింటినీ వరుసగా గుర్తించు. మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఎక్కువ సమయం పోతే ఫిల్టర్, టైమ్ టు ట్రిగ్గర్, సీఐఓ నీ పని. నివేదిక పోయినా ఆదేశం రాకపోతే నైబర్ లేదనో, పక్క సెల్ ఒప్పుకోలేదనో, అప్‌లింక్‌లో, అంటే ఫోన్ నుంచి టవర్‌కు పోయే దారిలో, నివేదికే తప్పిపోయిందనో అర్థం, అప్పుడు పారామీటర్లు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. చిత్తూరు వైపు క్లస్టర్ కూడా నీకు వస్తే, కాట్పాడి, తిరుత్తణి రోడ్ల మీద సర్కిల్ సరిహద్దు దగ్గర ఈ రెండో రకమే ఎక్కువ చూస్తావు. అవతలి సర్కిల్ వాళ్ళు సెల్ పేరో, పీసీఐయో మార్చి ఇటు చెప్పి ఉండరు. వాళ్ళ ఆప్టిమైజేషన్ మనిషి ఫోన్ నంబరు సంపాదించి పెట్టుకోవడమే దానికి అసలు మందు.

మార్పు చేశాక పోల్చేటప్పుడు శనివారాన్ని శనివారంతోనే పోల్చు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే జనాన్ని మామూలు మంగళవారంతో పోలిస్తే ఏ పారామీటర్ మంచిదో ఎప్పటికీ తేలదు. ఒక జతకు ఒకసారి ఒకే మార్పు చెయ్యి, వారం ఉంచు, పాత విలువను చేంజ్ రిక్వెస్టులోనే రాసి పెట్టు. చూడవలసిన అంకెలు మూడే: ఆ జతలో ఆలస్యపు లింక్ ఫెయిల్యూర్లు, తొందరపాటు ఫెయిల్యూర్లు, కొద్ది సెకన్లలోపు వెనక్కు వచ్చిన హ్యాండోవర్లు. మొదటిది తగ్గి మిగిలిన రెండూ కదలకపోతే ఆ విలువను ఉంచు. మొదటిది తగ్గి రెండోది పెరిగితే సీఐఓను 1 డీబీ వెనక్కు తియ్యి.

పైవాళ్ళకు ఇదంతా చెప్పనక్కరలేదు. జతల వారీ పట్టికలో మొదటి పది వరసలు ముందు పెట్టి, క్లస్టర్ మొత్తం మార్చడం కంటే ఈ పది మారిస్తే ఎన్ని డ్రాపులు తగ్గగలవో లెక్క చూపించు. వాళ్ళకు అది చాలు. మొదటి ఘాట్ రోడ్డులో దిగే బస్సు లాగ్‌లు రెండూ తీశాక నాకు పంపు, ఏ జతకు ఎంత సీఐఓ పెట్టాలో నా అభిప్రాయం రాస్తాను. ఘాట్ సెల్స్ ఫిల్టర్ గుణకాలు కూడా ఆ ఉత్తరంలోనే రాయి. మీ అమ్మానాన్నలను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
పెదనాన్న